తెగినా అతుక్కునే జెల్: వేలి మడత కొలిచే పట్టీ కోసం ప్రాజెక్టు డైరీ

మార్చి చివరి వారం

హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతాను. ఈ వేసవికి పెట్టుకున్న పని ఇది. వేలికి తగిలించుకునే మెత్తటి పట్టీ ఒకటి చేయాలి. వేలు మడిచినప్పుడల్లా దాని విద్యుత్ నిరోధం మారాలి, ఆ మార్పును చిన్న సర్క్యూట్ చదవాలి. పట్టీని బ్లేడుతో కోసి, రెండు ముక్కలను మళ్లీ ఆనిస్తే, జిగురూ వేడీ టంకమూ లేకుండా తనంతట తానే అతుక్కుని పని కొనసాగించాలి. రసాయనాల పని నాది, సర్క్యూట్ పని బీటెక్ ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మా మేనల్లుడిది. ఫైనలియర్ పిల్లలు ఇద్దరు ప్రాజెక్టు మార్కుల కోసం వచ్చి చేరారు.

జెల్ ఎందుకు, సన్నటి రాగి తీగ చాలదా అని పిల్లలు మొదటి రోజే అడిగారు. రాగి తీగ వంగుతుంది గానీ సాగదు. వేలి కణుపు మీద చర్మం, వేలు పూర్తిగా మడిస్తే మూడో వంతుకు దగ్గరగా సాగుతుంది. అంత సాగుడుకు లోహపు పొర పగుళ్లిచ్చేస్తుంది. అసలు మన ఒంట్లో నరాలు సంకేతాలు పంపేది కూడా లోహంలోలాగా ఎలక్ట్రాన్లతో కాదు, అయాన్లతో, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులతో. నీళ్లు పట్టి ఉంచుకున్న జెల్‌లో ఉప్పు కలిపితే అదీ అయాన్లతో కరెంటు మోస్తుంది, పైగా రబ్బరులా సాగుతుంది. 2013లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఇలాంటి ఉప్పు జెల్‌ను తీగ బదులు వాడి, అవతలి వస్తువులు కనిపించేంత పారదర్శకమైన స్పీకరును మోగించి చూపారు. వాళ్ల జెల్ పాలీఅక్రిలమైడ్. దాని ముడిసరుకు అక్రిలమైడ్ నాడులకు విషం. దాన్ని డిగ్రీ పిల్లల చేతికి ఇచ్చే ధైర్యం నాకు లేదు. అందుకే పొడుగాటి గొలుసుల్లాంటి అణువులుండే పాలిమర్ ఒకటి, పాలీవినైల్ ఆల్కహాల్, అంటే పీవీఏ, దానికి తోడు వెలిగారం (బోరాక్స్) ఎంచుకున్నాను. వెలిగారం కూడా నోట్లో పెట్టుకునేది కాదు, అది కలిపిన జెల్‌ను గంటల తరబడి చర్మానికి ఆనించి ఉంచకూడదు. కనుక చేతికి గ్లవుజు, ఆ గ్లవుజు మీద పట్టీ.

ఏప్రిల్ మొదటి వారం

పీవీఏ కరిగించడం చెప్పినంత తేలిక కాదు. ల్యాబ్ అలమరలో రెండు సీసాలున్నాయి. ఒకదాని మీద 87–89 శాతం, రెండోదాని మీద 98–99 శాతం అని ఉంది. ఇది శుద్ధత కాదు. వినైల్ ఆల్కహాల్ అనే అణువు విడిగా నిలవదు, ఏర్పడిన వెంటనే ఎసిటాల్డిహైడ్‌గా మారిపోతుంది. అందుకని ముందు పాలీవినైల్ ఎసిటేట్ తయారుచేసి (వడ్రంగులు వాడే తెల్ల జిగురు అదే), దాని గొలుసు మీది ఎసిటేట్ గుంపులను తొలగిస్తారు. ఎన్ని తొలగాయో చెప్పేదే ఆ శాతం. ఎసిటేట్లు మిగిలి ఉన్న రకం గోరువెచ్చని నీళ్లలోనే కరుగుతుంది. దాదాపు అన్నీ పోయిన రకంలో గొలుసులు ఒకదానికొకటి చేరువై స్ఫటికాలు కడతాయి, 90 డిగ్రీలు దాటితే గానీ కరగవు. అయినా నేను తీసుకున్నది ఆ మొండి రకాన్నే. ఆ స్ఫటికాలతో ముందుముందు పనుంది.

పొడిని వేడినీళ్లలో పోయకూడదు. పోస్తే పైపొర వెంటనే ఉబ్బి లోపలికి నీళ్లు పోనివ్వదు. పైకి జారుడుగా, నడుమ పొడిగా ఉండే ఉండలు తేలుతాయి, వాటిని ఎంత కలిపినా లాభం లేదు. చల్లటి నీళ్లు తిరుగుతుండగా పది గ్రాముల పొడిని కొద్దికొద్దిగా చల్లి, తెల్లగా చెదిరాక, అప్పుడు వేడి పెంచాలి. తొంభై గ్రాముల నీళ్లకు ఆ పది గ్రాములు. రెండు గంటలు సాగే పని, బీకరుకు మూత ఉండాలి, లేదంటే ఆవిరై పాళ్లు మారిపోతాయి. చివరకు గాజులా తేటపడుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచితే బుడగలు వాటంతట అవే పైకి తేలిపోతాయి. బుడగ మిగిలిన చోటే పట్టీ ముందుగా తెగుతుంది.

ఏప్రిల్ రెండో వారం

ఈ రోజు వెలిగారం కలిపాం. కంసాలి కొలిమి దగ్గర టంకం పరచుకోవడానికి వాడేది ఇదే. మేం మాత్రం ల్యాబ్ సీసాలోదే వాడాం, ఎందుకంటే దుకాణంలో దొరికే గడ్డల్లో నీటి అణువులు ఎన్ని మిగిలాయో తెలియదు, తూకం కుదరదు. నాలుగు శాతం ద్రావణం చేసి, ఐదు పాళ్ల పీవీఏకు ఒక పాలు చొప్పున పోశాం.

పోసిన మరుక్షణమే మారిపోయింది. బీకరు అడుగున తిరిగే అయస్కాంతపు ముక్క ఆగిపోయింది. గాజు కడ్డీతో తిప్పుతుంటే జెల్ అంచులకు పోవాల్సింది పోయి, కడ్డీని పట్టుకుని పైకి ఎగబాకింది. నీళ్లయితే నడుమ గుంట పడుతుంది. పొడుగాటి గొలుసులు చిక్కుపడ్డ ద్రవాల్లో తిప్పుడుకు ఆ గొలుసులు సాగి కడ్డీ చుట్టూ బిగుసుకుంటాయి, ఆ బిగువే ద్రవాన్ని పైకి నెడుతుంది. పిల్లలు దీన్ని వీడియో తీసుకున్నారు. జెల్ పాకం సరిగా వచ్చిందో లేదో నేను మాత్రం ఇప్పుడు ఈ ఎగబాకడాన్ని బట్టే చూసుకుంటున్నాను.

జరిగింది ఇది. వెలిగారం నీళ్లలో కరిగినప్పుడు సగం బోరాన్ బోరిక్ ఆమ్లంగా, సగం బోరేట్ అయాన్‌గా ఉంటుంది. అందుకే దాని ద్రావణం పీహెచ్ 9.2 దగ్గర స్థిరంగా నిలుస్తుంది. బోరేట్‌కు నాలుగు హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జత) చేతులు. రెండింటితో ఒక పీవీఏ గొలుసును, మిగతా రెండింటితో ఇంకో గొలుసును పట్టుకుంటుంది. ఈ పట్టు గట్టిదే గానీ శాశ్వతం కాదు. సెకను గడిచేలోపే వదిలేసి పక్కదాన్ని అందుకుంటుంది. కోలాటంలో ప్రతి అడుగుకూ జంట మారుతున్నా వలయం చెదరదు కదా, జెల్ నిలబడేది అలాగే. బ్లేడుతో కోసినప్పుడు తెగేవి కూడా ఎక్కువగా ఈ పట్లే. కోసిన ముఖాలు రెండూ జంట లేని చేతులతో ఎదురుచూస్తుంటాయి.

చూడడానికి ఒక చిన్న ఉపాయం చేశాం. ఒక ముక్కలో చిటికెడు పసుపు కలిపాం. వెలిగారం క్షారం కాబట్టి, సున్నం తగిలి పారాణి అయినట్టు అది ఎర్రబడింది. ఎర్ర ముక్కనూ తెల్ల ముక్కనూ కోసిన ముఖాలు కలిసేలా ఆనించాం. కాసేపటికి ఎత్తితే విడిపోలేదు. గీత గీసినట్టున్న సరిహద్దు మధ్యాహ్నానికి మసకబారింది, సాయంత్రానికి ఎరుపు తెల్ల ముక్కలోకి పాకింది. పాకింది రంగే, గొలుసులు అంత త్వరగా నడవవు. అయినా నీరూ అయాన్లూ అతుకును అడ్డంకి అనుకోవడం లేదని తెలిసింది.

మర్నాడు వచ్చి చూస్తే పలక మీద పట్టీ లేదు, పల్చటి మడుగు ఉంది. రాత్రంతా తన బరువుకే కరిగినట్టు జారింది. పట్లు మారుతూ ఉండడం వల్ల గాయం మానుతుంది, పట్లు మారుతూ ఉండడం వల్లే ఆకారం నిలవదు. జెల్‌ను మెల్లగా లాగితే తీగపాకంలా సాగిపోతుంది, ఒక్క కుదుపుతో లాగితే పుటుక్కున తెగుతుంది. పట్టు మారే వేగం కంటే మన లాగుడు వేగం ఎక్కువైతే అది ఘనం, తక్కువైతే ద్రవం. ఈ ప్రాజెక్టులో ఇక మిగిలిన కథంతా ఈ రెండింటి మధ్య బేరమే అని నాకు అప్పుడే అనిపించింది.

ఏప్రిల్ మూడో వారం

ఉప్పు. ముందు సోడియం సల్ఫేట్ ఉందని అది వేద్దామన్నాడు ఒక విద్యార్థి. పరీక్షనాళికలో వేయించి చూపించాను. పీవీఏ తెల్లటి పీచుగా విరిగిపోయింది. సల్ఫేట్ నీటిని తనవైపు లాక్కుని గొలుసులను వెలివేస్తుంది. 1939లో జపాన్‌లో పుట్టిన వినైలాన్ దారాన్ని వడికేది ఈ కిటుకుతోనే, పీవీఏ ద్రావణాన్ని సల్ఫేట్ తొట్టిలోకి సన్నటి రంధ్రాల గుండా చిమ్ముతారు. మాకు దారం వద్దు కనుక మామూలు ఉప్పు, సోడియం క్లోరైడ్ వేశాం. లీటరుకు ఒక మోల్, అంటే 58 గ్రాములు చొప్పున.

ఐదు సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని అచ్చులో పోసి, రెండు కొసలకూ రాగి క్లిప్పులు తగిలించి మల్టీమీటరు పెట్టారు పిల్లలు. అంకె నిలవదు. పెరుగుతూనే ఉంటుంది. క్లిప్పులు తిప్పి పెడితే ఒక్కసారిగా పడిపోయి మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది. మా మేనల్లుడు ఆ ఆదివారం వచ్చి చూసి నవ్వాడు. “అత్తయ్యా, మీటరు కొలుస్తున్నది జెల్‌ను కాదు, క్లిప్పు దగ్గర చేరిన అయాన్ల గుంపును.”

నిజమే. మీటరు పంపేది ఒకే దిశలో పోయే కరెంటు. అయాన్లు లోహంలోకి దూకలేవు, దాని అంచున పోగుపడి ఎదురు వోల్టేజీ పెడతాయి. వోల్టేజీ ఇంకాస్త ఎక్కువైతే నీళ్లే విడిపోతాయి, దానికి కనీసం 1.23 వోల్టులు దాటాలి. రాగి క్లిప్పులైతే రెండు రోజుల్లో పచ్చగా చిలుము పట్టి, ఆ పచ్చదనం జెల్‌లోకి దిగింది. మందుల దుకాణంలో దొరికే ఈసీజీ ఎలక్ట్రోడులు తెప్పించాం. వాటిలో వెండి, వెండి క్లోరైడ్ పొర ఉంటాయి. మా జెల్‌లో క్లోరైడ్ ఎలాగూ ఉంది కాబట్టి వెండికీ జెల్‌కూ మధ్య రాకపోకలు సులువుగా సాగుతాయి, గుంపు పేరుకోదు. ఇంత చవకలో ఇంత మంచి ఎలక్ట్రోడు మరొకటి నేను చూడలేదు.

సర్క్యూట్ వైపు మా మేనల్లుడు చేసిందీ సరళమే. ఆర్డుయినో అనే, ప్రోగ్రామ్ రాసి వాడుకునే చిన్న బోర్డు మీది రెండు పిన్నుల మధ్య జెల్‌నూ ఒక మామూలు రెసిస్టరునూ వరసగా కలిపాడు. సగం మిల్లీసెకను మొదటి పిన్ను పైకి, రెండోది కిందికి, తర్వాత సగం మిల్లీసెకను తారుమారు. అయాన్లు ఒక దిక్కుకు బయలుదేరేలోపే వెనక్కి పిలుపు వస్తుంది. రెండు దిశల్లోనూ చదివిన విలువల సగటు తీసుకుంటే అంకె కదలకుండా నిలిచింది, రెండు మూడు కిలో ఓముల మధ్య. లెక్క వేసి చూసుకున్నాను. పొడవును అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే మీటరుకు 2500 వస్తుంది, అంటే వాహకత మీటరుకు ఒక సీమెన్స్ (వాహకతను కొలిచే ప్రమాణం) చుట్టుపక్కల. ఇంతే ఉప్పున్న మామూలు నీటిలో అది ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. గొలుసుల అడవిలోంచి నడవాలి కాబట్టి కొంత తగ్గడం సహజమే.

సాగదీస్తే ఎంత మారాలో కాగితం మీదే తెలుస్తుంది. జెల్ ఘనపరిమాణం మారదు కాబట్టి, పొడవు ఎన్ని రెట్లయితే అడ్డుకోత అన్ని రెట్లు తగ్గుతుంది, నిరోధం ఆ రెట్ల వర్గం చొప్పున పెరుగుతుంది. ఒకటిన్నర రెట్లకు రెండుంపావు రెట్లు. త్వరగా సాగదీసి చదివితే దాదాపు అదే వచ్చింది. సాగదీసి పట్టుకునే ఉంటే మాత్రం జెల్ ఆ కొత్త పొడవుకే అలవాటుపడి, వదిలాక పూర్తిగా వెనక్కి రాలేదు. మళ్లీ అదే జారుడు గుణం.

ఏప్రిల్ చివర

బల్బు ప్రయోగం గురించి నాకున్న చిరాకు ఇక్కడ రాసి పెట్టుకుంటాను. తమంతట తాము అతుక్కునే జెల్‌లను చూపే వీడియోల్లో ఒకటే తంతు. ఎల్‌ఈడీ వెలుగుతుంటుంది, జెల్‌ను కోస్తారు, ఆరిపోతుంది, కలుపుతారు, వెలుగుతుంది, చప్పట్లు. మా పిల్లలూ అదే చేసి చూపి మురిసిపోయారు. ఉప్పునీళ్ల గిన్నెలో రెండు తీగలు ముంచినా బల్బు వెలుగుతుంది, ఆ నీళ్లకు గాయం మానిందని ఎవరూ అనరు.

దీన్ని తేల్చుకోవడానికి వెలిగారం అసలు లేని జెల్ ఒకటి చేశాం. ఉత్త పీవీఏను డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి కరగనిచ్చి, ఉప్పునీటిలో నానబెట్టినది. అందులో మారే పట్లు లేవు, అతుక్కునే గుణం లేదనే చెప్పాలి. దాన్నీ కోసి ఆనించాం. నిరోధం వెంటనే పాత విలువ దగ్గరికి వచ్చేసింది! తడి ముఖాలు రెండు తాకితే చాలు, అయాన్లు దాటిపోతాయి. పట్టీని ఒక కొసన పట్టుకుని ఎత్తగానే రెండో ముక్క ఊడి బల్ల మీద పడింది.

వెలిగారం జెల్‌తో ఇదే చేస్తే కరెంటు వెంటనే వచ్చింది, బలం మాత్రం మెల్లగా వచ్చింది. అతికించిన పట్టీని నిలువుగా వేలాడదీసి, కింది కొసకు కాగితపు గిన్నె కట్టి, అందులో ల్యాబ్ తూనికరాళ్లు ఒక్కొక్కటే వేశాం. అతికించిన నిమిషానికి అతుకు దగ్గరే తెగింది, చాలా తక్కువ బరువుకే. గంట ఆగితే మెరుగు. రాత్రంతా తడి పెట్టెలో ఉంచితే, అతుకు దగ్గర కాకుండా మరోచోట తెగిన పట్టీలు కూడా కనిపించాయి. మా దృష్టిలో ఇక అదే గీటురాయి, అతుకు కాని చోట తెగితేనే గాయం మానినట్టు.

పెద్ద ల్యాబుల్లో ఈ తేడాను పట్టించుకున్నవాళ్లు లేకపోలేదు. 2012లో స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్ బావ్ బృందం నికెల్ రేణువులు కలిపిన పాలిమర్‌తో కృత్రిమ చర్మం చేసినప్పుడు, 15 సెకన్లలో విద్యుత్ వాహకత 90 శాతం దాకా తిరిగొచ్చిందనీ, యాంత్రిక బలం కోలుకోవడానికి సుమారు 10 నిమిషాలు పట్టిందనీ విడివిడిగా చెప్పింది. రెండు గడియారాలు వేరు. మా రిపోర్టులోనూ రెండు నిలువు వరసలు పెట్టమన్నాను.

ఇంకొకటి కూడా గమనించాం. కోసిన ముక్కలను వెంటనే కాకుండా కాసేపు గాలికి వదిలి కలిపితే అతుకు బలహీనం. పైపొర ఆరిపోవడం ఒక కారణం, ఒక చుక్క నీరు రాస్తే కొంత సర్దుకుంటుంది. రెండో కారణం చిత్రమైనది. జంట లేని చేతులు ఎదుటి ముఖం కోసం ఎంతసేపని ఎదురుచూస్తాయి, తమ వైపే పక్కవాళ్లను పట్టేసుకుంటాయి. 2008లో పారిస్‌లో లుడ్విక్ లైబ్లర్ బృందం హైడ్రోజన్ బంధాలతో చేసిన, తెగినా అతుక్కునే రబ్బరులోనూ ఇదే స్వభావం, ముక్కలను విడిగా ఉంచేకొద్దీ అతికే శక్తి తగ్గుతూ వస్తుంది. అంతకు ముందు 2001లో ఇల్లినాయ్‌లో చేసిన పాలిమర్‌ది వేరే దారి. అందులో జిగురు నింపిన సూక్ష్మ గుళికలు ఉంటాయి, పగులు వచ్చినప్పుడు అవి చిట్లి నింపుతాయి. అక్కడ ఒకసారి చిట్లిన గుళిక అయిపోయినట్టే, అదే చోట రెండోసారి పగిలితే దిక్కులేదు. మన జెల్ పేదదే గానీ ఆ బాధ లేదు.

మే రెండో వారం

ఎండలు. బల్ల మీద వదిలిన పట్టీ మధ్యాహ్నానికి అంచులు పైకి లేచి, సాయంత్రానికి కొమ్ములా గట్టిపడింది. మీద ఉప్పు చతురస్రపు పలుకులుగా పేరింది. మే నెల హనుమకొండలో నీటి జెల్‌ను గాలిలో పెట్టడం అంటే ఇంతే. సముద్రపు ఒడ్డున ఉన్న ల్యాబుల్లో ఇది ఇంత తొందరగా బయటపడదేమో.

గ్లిజరిన్ కలుపుదాం అన్నారు పిల్లలు. తేమను పట్టి ఉంచుతుంది, చవక, హాని లేదు. నీళ్లలో సగం తీసేసి ఆ మేర గ్లిజరిన్ పోశారు. జెల్ కాస్తా పాకమైపోయింది. పసుపు కలిపిన ఎర్ర ముక్కతో చేసినప్పుడైతే ఇంకా స్పష్టంగా తెలిసింది, గ్లిజరిన్ కలిసేకొద్దీ ఎరుపు వెలిసి మామూలు పసుపు రంగు తిరిగొచ్చింది. అంటే క్షార గుణం పోయింది.

“బోరిక్ ఆమ్లాన్ని టైట్రేషన్ చేసేటప్పుడు గ్లిజరిన్ ఎందుకు పోస్తాం?” అని అడిగాను. టైట్రేషన్ అంటే క్షారాన్ని చుక్కలుగా పోస్తూ ఆమ్లం ఎంతుందో కొలవడం. ఒక అమ్మాయి ముఖం వెలిగింది. గ్లిజరిన్‌కు పక్కపక్కనే ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు బోరాన్‌ను పీవీఏ కంటే గట్టిగా పట్టుకుంటాయి. ఆ క్రమంలో ప్రోటాన్లు విడుదలై ద్రావణం ఆమ్లం వైపు జరుగుతుంది, బలహీనమైన బోరిక్ ఆమ్లం కూడా కాస్టిక్ సోడాతో చక్కగా టైట్రేట్ అవుతుంది. టైట్రేషన్‌లో మనకు మేలు చేసిన ఈ గుణమే ఇక్కడ జెల్‌ను కూల్చింది, గొలుసులను కలపాల్సిన బోరేట్‌ను గ్లిజరిన్ ఎగరేసుకుపోయింది. పాఠం చెప్పిన ఇన్నేళ్లలో ఈ సమీకరణం ఇంత కళ్లకు కట్టినట్టు నాకెప్పుడూ కనిపించలేదు. జెల్‌లో నిమ్మరసం పిండినా ఇలాగే కారిపోతుంది, వంటసోడా వేస్తే మళ్లీ చిక్కబడుతుంది.

మార్గం రెండు రకాలుగా దొరికింది. గ్లిజరిన్‌ను ద్రవంలో నాలుగో వంతుకు తగ్గించడం, పీహెచ్ మళ్లీ తొమ్మిది దాటేదాకా పలుచని కాస్టిక్ సోడా చుక్కలు వేయడం. అలా చేసిన జెల్ మునుపటి కంటే మెత్తన, ఆరడం మాత్రం బాగా నెమ్మదించింది. ఉప్పు బదులు లిథియం క్లోరైడ్ వాడితే ఇంకా మేలు. అది గాలిలోని తేమను ఎంత ఆశగా లాగుతుందంటే, దాని సంతృప్త ద్రావణం 11 శాతం తేమ ఉన్న గాలితో కూడా సమతూకంలో నిలుస్తుంది. ధర ఎక్కువ, ఒంట్లోకి పోకూడని పదార్థం, అందుకని ప్రస్తుతానికి వద్దనుకున్నాం.

మే చివర

ఇక ఆకారం నిలబెట్టే పని. మొండి రకం పీవీఏ ఎంచుకున్నది ఇప్పుడు పనికొచ్చింది. జెల్‌ను గడ్డకట్టిస్తే నీళ్లు మంచు పలుకులై గొలుసులను పక్కకు నెడతాయి. ఇరుకున పడ్డ గొలుసులు అక్కడక్కడ స్ఫటికాలుగా ముడిపడతాయి. కరిగాక కూడా ఆ ముడులు వీడవు. మారే పట్లకు తోడు మారని ముడులు దొరుకుతాయి.

వరస చాలా ముఖ్యం. గ్లిజరిన్ సగానికి సగం ఉన్న నీళ్లు సున్నాకు 23 డిగ్రీలు దిగువన గాని గడ్డకట్టవు, ఇంటి ఫ్రిజ్ ఫ్రీజర్ 18 దగ్గరే ఆగిపోతుంది. పాలు తగ్గించినా గ్లిజరిన్, ఉప్పు రెండూ మంచుకు అడ్డే. కాబట్టి ముందు పీవీఏ, వెలిగారం మాత్రమే కలిపి అచ్చులో పోసి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాలి, పగలు బయటపెట్టి కరగనివ్వాలి. ఆ తర్వాతే ఉప్పు, గ్లిజరిన్ కలిపిన నీళ్లలో నానబెట్టాలి. ఆ నీళ్లలోనూ వెలిగారం ఉండాలి, లేకపోతే జెల్‌లో ఉన్నదంతా బయటికి దిగిపోతుంది.

ఒక్కసారి గడ్డకట్టించి కరిగిస్తే పట్టీ తన ఆకారంలో నిలిచింది, సాగదీసి వదిలితే వెనక్కి వచ్చింది, తేటదనం కాస్త తగ్గి పాలిపోయింది. మళ్లీ మళ్లీ గడ్డకట్టిస్తే తెల్లబడి, తోలులా గట్టిపడి, ఎంత బరువైనా మోసేలా తయారైంది. కోసి ఆనిస్తే మాత్రం అతుక్కోలేదు. స్ఫటికంలో బిగుసుకున్న గొలుసు కొస కదలలేదు, కదలనిదే ఎదుటివైపు చేరలేదు. బలం, అతుకు రెండూ కావాలనే వాళ్లకు ఈ పదార్థం చెప్పే జవాబు ఇదే. మేం ఒక్క విడతతో ఆపాం. కొంచెం జారుడు ఉంది, గంటల్లో మానే గాయం ఉంది, వేలికి సరిపోయే బలం ఉంది.

గోరుచిక్కుడు గింజల పిండితోనూ ఒకరోజు ప్రయత్నించాం. ఆ జిగురులోని చక్కెర గుంపులకు హైడ్రాక్సిళ్లు ఒకే వైపున జంటగా ఉంటాయి, బోరేట్ వాటిని ఇష్టంగా పట్టుకుంటుంది. చమురు బావుల్లో రాతిని పగలగొట్టే ద్రవాలను చిక్కబరచేది ఈ జతే, రాజస్థాన్ రైతులకు 2012 ప్రాంతంలో గోరుచిక్కుడు ధర ఆకాశానికంటింది అందువల్లే. పీవీఏలో కొద్దిగా కలిపితే అతుకు బాగుంది, కానీ జెల్ మబ్బుగా మారింది, నిల్వలో వాసన వచ్చింది. పక్కన పెట్టాం.

జూన్ రెండో వారం

పట్టీ గ్లవుజు ఎక్కింది. చూపుడు వేలి కణుపు మీద, రెండు కొసల్లో ఈసీజీ ఎలక్ట్రోడులు, పైన కప్పు. గాయాలకు అంటించే పల్చటి పారదర్శక పాలీయురిథేన్ పొర ముందు వాడాం. అది చర్మం ఊపిరాడేలా తయారైన పొర, నీటి ఆవిరిని వదిలేస్తుంది. చూడడానికి అందంగా ఉంది, ఆరడం ఏమీ ఆగలేదు. సిలికోన్ రబ్బరు కూడా ఆవిరిని పోనిస్తుంది, పైగా తడి జెల్‌కు అంటుకోదు, ఎక్కడ మడిస్తే అక్కడ లేచిపోతుంది. చివరకు సాగే అక్రిలిక్ అంటుపొర రెండు వైపులా వేసి అంచులు నొక్కి మూశాం. దాన్ని కోస్తే జెల్ అతుక్కుంటుంది, పొర మాత్రం అతుక్కోదు. ఇది ఇంకా తీరని లోటే.

వేలు మడిస్తే అంకె ఎగబాకుతుంది, చాపితే దిగుతుంది. మా మేనల్లుడు దాన్ని కంప్యూటర్ తెర మీద గీతగా చూపించాడు. కానీ కొత్త తంటా ఒకటి. వేలు కదపకపోయినా గీత మెల్లగా వాలుతోంది. గ్లవుజు లోపల చేతి వేడికి జెల్ వెచ్చబడుతోంది. అయాన్ల ద్రావణాల్లో ఒక డిగ్రీకి వాహకత సుమారు రెండు శాతం పెరుగుతుంది. ఫ్యాను కింది నుంచి చేతి మీదికి వచ్చేసరికి ఐదారు డిగ్రీల తేడా, అంటే పది శాతానికి పైగా మార్పు. అరకొరగా మడిచిన వేలు ఇచ్చే సంకేతం అంతకంటే పెద్దదేమీ కాదు. వానలు మొదలయ్యాక తేమ పీల్చుకోవడం వల్ల కూడా ఇలాగే.

“థర్మిస్టరు పెట్టి సరిచేద్దాం” అన్నాడు మేనల్లుడు. వేడిని బట్టి నిరోధం మారే చిన్న భాగం అది. సరిచేయొచ్చు గానీ అది వేడికి మాత్రమే జవాబు, తేమకు కాదు. దానికంటే తేలికైనది ఒకటి చెప్పాను. సర్క్యూట్‌లో జెల్‌కు వరసగా ఉన్న మామూలు రెసిస్టరును తీసేసి, దాని చోట అదే అచ్చులో, అదే రోజు పోసిన రెండో జెల్ పట్టీని పెట్టడం. అది చేతి వెనక భాగం మీద, మడత పడని చోట ఉంటుంది. వేడెక్కినా, ఆరినా, తేమ పీల్చినా రెండూ ఒకేలా మారతాయి. రెండు పట్టీలూ కలిసే చోట ఉన్న పిన్ను చదివేది వాటి నిష్పత్తిని కాబట్టి ఆ మార్పులు కొట్టుకుపోతాయి, మిగిలేది వేలి మడత ఒక్కటే. బోర్డు మీది ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు.

నిన్న అలా కట్టి చూశాం. తెర మీది గీత చేతి వేడికి చాలావరకు వాలడం మానేసింది, గ్లవుజు తొడిగిన మొదటి నిమిషాల్లో మాత్రం కొద్దిగా కదులుతోంది. రెండో పట్టీ కింద గ్లవుజు గుడ్డ రెండు పొరలుగా ఉంది, వెచ్చబడడంలో వెనకబడుతోంది. వచ్చే వారం దాన్ని ఒక పొర మీదికి మార్చి, కోసి అతికించిన పట్టీతో ఇవే కొలతలు మళ్లీ తీయాలి. కోసిన పట్టీ కోసం తడి పెట్టెలో రెండు నమూనాలు రాత్రి నుంచి అతుకుతున్నాయి, తూనికరాళ్ల పరీక్ష ముందు, సర్క్యూట్ తర్వాత.